పెదనాన్న చెవి మిషను తీసినప్పుడు

పోయిన నెల మా కోడలు నన్ను గుంటూరు తీసుకెళ్లి రెండు చెవులకీ రెండు మిషన్లు పెట్టించింది. ఇవి లేకపోతే ఇంట్లో నేనొక కుర్చీతో సమానమైపోతానని దాని బెంగ. మా వంతు కోసం బయట కూర్చుని ఉన్నాం. పక్కన ఒక పెద్దాయన, తెల్ల పంచె, నున్నగా గీసిన గడ్డం, భార్యతో ఏదో చెబుతున్నవాడు ఉన్నట్టుండి చెయ్యెత్తి చెవిలోంచి మిషను తీశాడు. అరచేతిలో పెట్టుకుని ఉఫ్ అని ఊదాడు. అంతే. దుమ్ము దులుపుకోవడానికి తీశాడు పాపం. నేను మాత్రం కుర్చీలో వెనక్కి ముడుచుకుపోయి మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. "ఏంటత్తయ్యా, ఏమైంది?" అని కోడలు కంగారుపడింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మగవాడు చెవి మిషను తీసి పక్కన పెట్టాడంటే, ఆ తర్వాత ఎవరో ఒకరి ఒళ్లు హూనమయ్యేది. ఎక్కువగా మా పెద్దమ్మ ఒళ్లు.

ఆ మగవాడు మా నాన్నకి అన్న, కోటయ్య పెదనాన్న. నరసరావుపేటకీ చిలకలూరిపేటకీ మధ్య నల్లరేగడిలో మాది పత్తి, మిరప పండించే ఇల్లు. పొలాలు కలిసే ఉండేవి, పొయ్యి కలిసే ఉండేది, పెత్తనం మాత్రం పెదనాన్నది. మా నాన్న చాలా మంచివాడని ఊరంతా అనేది. అన్నకి ఎదురు చెప్పడు కాబట్టి అనేది. నాయనమ్మ ముందు గదిలో గోడకి చేరగిలబడి, నోట్లో పొగాకు కాడ పెట్టుకుని, ఒళ్లో చింతపండు వేసుకుని గింజలు తీస్తూ పగలంతా ఆ ఇంటికి కాపలా కాసేది. కొత్త చింతపండు పులుపు, ఆమె నోటి పొగాకు, కొట్టు గదిలోంచి వచ్చే మిరపకాయల ఘాటు, ఈ మూడూ కలిసిన వాసన ఇప్పుడెక్కడైనా తగిలితే నాకు చిన్నతనం గుర్తొచ్చి ముచ్చటెయ్యదు. అక్కడి నుంచి లేచి పోతాను.

పెదనాన్నది పుట్టు చెవుడు కాదు. పెళ్లికి ముందు పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి తోలడానికి బళ్లు కట్టుకుని వెళ్లేవాడు. ఒకరోజు రాతికి మందు పెట్టి పేల్చేటప్పుడు అందరూ పరిగెడుతుంటే ఈయన ఎడ్లని వదల్లేక అక్కడే నిలబడ్డాడట. ఎడ్లు బతికాయి, చెవులు పోయాయి. ఈ కథ చెప్పినప్పుడల్లా నాయనమ్మ కళ్లు తుడుచుకునేది. నిజమే, జాలిపడాల్సిందే. కాని ఆ జాలిని మా ఇంట్లో ఎంతకాలం, ఎన్నిటికి వాడుకున్నారో చెప్పలేను. కూరలో ఉప్పు తక్కువైందని కంచం గోడకేసి కొడితే, చెవులు లేని మనిషికి విసుగుండదా అనేవాళ్లు. పాలేరు వీపు ఎడ్లని తోలే ములుగర్రతో చీరేస్తే, వినపడక అట్టా అయిపోయాడు అనేవాళ్లు. ఒకసారి మా అందరి ముందూ మా నాన్నని చెంప పగిలేట్టు కొట్టాడు. నాన్న ఆ చెంప రుద్దుకుంటూ దొడ్లోకి పోయి గేదెకి మేత వేశాడు. ఇక పెద్దమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. ఆమె రెండు చేతులకీ గాజులు సమానంగా ఉండగా నేను చూసిన రోజులు తక్కువ. విచిత్రమేమిటంటే పెద్దమ్మ కూడా ఆ మాటే నమ్మేది. వాచిన మోచేతికి సున్నమూ పసుపూ పట్టు వేసుకుంటూ మా అమ్మతో, "లోపలంతా మూగగా ఉంటే మనిషికి పిచ్చెక్కదంటే? నాలుగు మాటలు చెవిన పడితే ఇట్టా ఉండడే" అనేది.

పెద్దమ్మ పేరు సీతారావమ్మ. పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. మా ఇంట్లో ఆ నోటికి వేళలుండేవి. పెదనాన్నకి చెవులు పోయినా కళ్లు చురుకు. ఎదుటివాళ్ల పెదాలు కదిలే తీరు చూసి సగం మాటలు పట్టేసేవాడు. అందుకని వంటింట్లో ఆడవాళ్లు పొయ్యి వైపు తిరిగి మాట్లాడుకునేవాళ్లు. అసలైన మాటలన్నీ మిరప కల్లంలో సాగేవి. కోతలయ్యాక కాయల్ని కల్లంలో ఎండబోసి, ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడినవి, ఏరేవాళ్లు. ఆ ఘాటుకి తట్టుకోలేక అందరూ ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకునేవాళ్లు. కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. పెదనాన్న కాయలు తిరగేసే కర్ర చేతపట్టుకుని అక్కడే నిలబడి ఉండేవాడు. ఆయన ఎదురుగానే, గుడ్డ మాటున, ఆడవాళ్లు ఆయన్ని తిట్టుకునేవాళ్లు, ఎగతాళి చేసుకునేవాళ్లు, ఏడ్చేవాళ్లు కూడా. కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయని మిరప కల్లంలో ఎవరూ అడగరు. బడి లేని రోజుల్లో నేనూ ఒక గుడ్డ కట్టుకుని పెద్దమ్మ పక్కన కూర్చునేదాన్ని. మా ఇంటి గురించి నాకు తెలిసినదంతా నేను అక్కడే విన్నాను.

పెద్దమ్మకి పోయిన బిడ్డ సంగతి కూడా అక్కడే విన్నాను. చెవులు పోయాక కూడా పెదనాన్న కొన్నేళ్లు ఎండాకాలం బళ్లతో పిడుగురాళ్ల వెళ్లి అక్కడే ఉండేవాడు. పెళ్లయిన కొత్తలో అలా వెళ్లినప్పుడు పెద్దమ్మకి కడుపని తెలిసింది. కబురు పంపనివ్వలేదట. ఆయన వచ్చాక తనే ఆయన చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టి చెప్పాలని మనసుపడింది. ఆయన వచ్చేసరికి అయిదో నెల. వచ్చిన పూటే, కాళ్లు కడుక్కునే నీళ్లు తేవడం ఆలస్యమైందని డొక్కలో తన్నాడు. నీళ్ల బిందెతో సహా పడింది. పొద్దుగూకే లోపల అంతా అయిపోయింది. పత్తి ఏకే వాళ్ల ఇంటి మస్తాన్‌బీ మా ఊళ్లో పురుళ్లు పోసేది. తనే వచ్చి అంతా చూసి, గుడ్డలో చుట్టి తీసుకుపోయింది. నాయనమ్మ తలుపు మూసి ఆడవాళ్లందరినీ నిలబెట్టి, "వాడికి తెలియనియ్యొద్దు. తెలిస్తే నా కొడుకు తట్టుకోలేడు" అందట. పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదని సైగ చేసి చెప్పారు. ఆయన సరే అని భోజనం చేశాడు. ఆ తర్వాత పెద్దమ్మకి మళ్లీ కడుపు పండలేదు. ఏళ్లు గడిచాక కొట్టినప్పుడల్లా ఆయన నోటి వెంట వచ్చే మాట ఒకటే, గొడ్రాలు. ఆ మాట వింటూ నాయనమ్మ చింతపండు గింజలు తీసుకునేది. కల్లంలో మాత్రం పెద్దమ్మ ఆ బిడ్డ గురించి, ఆ మనిషి రెండు బారల దూరంలో నిలబడి ఉండగానే, ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చిందో. దాచింది ఏమీ లేదు, ఆయనకి వినపడలేదంతే.

ఆఖరికి పెదనాన్నకి రెండో పెళ్లి చెయ్యాలని నాయనమ్మే మొదలుపెట్టింది. అలాంటి పెళ్లి చెల్లదని అప్పటికే చట్టం వచ్చింది. కాని చట్టం నరసరావుపేటలో ఉంది, మేం పొలాల్లో ఉన్నాం. ఒంగోలు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి పేదవాడు, అయినా "చెవిటివాడికి నా పిల్లనెట్టా ఇస్తా?" అని వెనక్కి పోయాడు. ఆ మాట పెదనాన్నకి తగిలింది. మద్రాసులో చెవిటివాళ్లకి మిషన్లు పెడతారని పేటలో ఎవరో చెప్పారు. రైలెక్కి పోయాడు. ఆయన ఊరికి పోయి వచ్చేలోపు పెద్దమ్మ ఏం చేసిందో తెలుసా? మిషను జేబులో పెట్టుకుంటే చెమటకి పాడవుతుందని ఎవరో అన్నారట, మెత్తటి పాత పంచె చింపి మెడలో వేసుకునే చిన్న సంచి కుట్టింది. "నీ నెత్తిన సవతిని తేవడానికి పోతే నువ్వు సంచి కుడతన్నావా?" అని మా అమ్మ కోప్పడింది. "చెవులొస్తే కోపం పోద్ది. కోపం పోతే ఈ పిచ్చీ పోద్ది. చూస్తా ఉండు" అంది పెద్దమ్మ.

మిషను వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అగ్గిపెట్టెలు రెండు కలిపినంత పెట్టె, దాని నుంచి ఒక తీగ, తీగ చివర చెవిలో దూర్చుకునే బిళ్ల. పెట్టె రొమ్ము మీద వేలాడుతుంది, మాట దాంట్లో పడి తీగలోంచి చెవికి పోతుంది. పెదనాన్న ఆ మధ్యాహ్నం చిన్నపిల్లాడైపోయాడు. గేదె నెమరు వేస్తుంటే దాని ముందు కూర్చుని విన్నాడు. ఎండిన మిరపకాయలు గుప్పెడు తీసి పెట్టె దగ్గర ఆడించి, లోపల గింజలు గలగలమంటే పకపకా నవ్వాడు. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. పెళ్లినాటికే చెవులు పోయాయి కాబట్టి పెద్దమ్మ గొంతు ఆయన ఏనాడూ విని ఎరగడు. ఆమె పైట సర్దుకుని, సిగ్గుపడుతూ ఎదురుగా నిలబడి, "ఏమయ్యా, నా గొంతు ఎట్టా ఉంది?" అని అడిగింది. ఆయన కాసేపు ఆమె మొహం చూసి, "సన్నగా ఉందే, ఇంకా బొంగురు గొంతేమో అనుకున్నా" అన్నాడు. పెద్దమ్మ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి మా అమ్మని పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషంతోనే. ఆ రోజు ఆమె పొందిన సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ మిషనుతో బతకడం ఇల్లంతటికీ ఒక పని అయింది. పడుకుని పక్కకి దొర్లితే అది కుయ్యిమని అరిచేది. చొక్కా రాసుకుంటే బరబరమని మోతట, అందుకని ఆయన బనీను మీదే తిరిగేవాడు. చెవిలో బిళ్లకి పట్టిన గులిమిని కోడి ఈకతో తీసే పని పెద్దమ్మది. మిరప దుమ్ము పెట్టె చిల్లుల్లోకి పోకుండా పైన పలచటి గుడ్డ కట్టే పని కూడా ఆమెదే. ఊరి జనం ఆయన మొహం చూసి మాట్లాడటం మానేసి, వంగి రొమ్ముతో మాట్లాడేవాళ్లు. మా వీధి చివర ముసలాయన ఒకడు పెట్టెకి నోరు ఆనించి, "ఏరా కోటయ్యా! వినపడతందా?" అని బండి తోలినట్టు అరిచాడు. పెదనాన్నకి చెవిలో పిడుగు పడ్డట్టయింది. ఫెడీమని ఒకటి ఇచ్చాడు. ముసలాయన పన్ను ఊడి అరుగు మీద పడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

కొద్ది రోజులకే కల్లంలో కాయలు ఏరడం మొదలైంది. అందరం గుడ్డలు కట్టుకుని కూర్చున్నాం. పెదనాన్న కర్రతో నిలబడ్డాడు. ఎన్నేళ్ల అలవాటో, మూతికి గుడ్డ ఉంటే మాట భద్రమని ఆ ఆడవాళ్ల ఒంటికి పట్టేసింది. పెట్టె ఆయన రొమ్ము మీద కనిపిస్తూనే ఉంది. అయినా ఒక్కరికీ తట్టలేదు. మస్తాన్‌బీయే మొదలుపెట్టింది: "సీతమ్మా, చెవి రాగానే నీ మొగుడికి పెళ్లికొడుకు కళ వచ్చిందేం!" పెద్దమ్మ చేతిలో కాయలు ఆపకుండా, "కొత్తది వచ్చినా ఏం చేస్తాడే? తన్నడం తప్ప ఆ మనిషికి ఇంకేం వచ్చని" అంది. అందరూ గుడ్డల కింద కిలకిలమన్నారు. నవ్వు ఇంకా ఆగనే లేదు. పెదనాన్న కర్ర పారేసి వచ్చి పెద్దమ్మ కొప్పు పట్టుకున్నాడు. మూతి గుడ్డ పీకేసి, తలని ఎండుకాయల కుప్పలోకి తొక్కాడు. పైకి లాగాడు, మళ్లీ తొక్కాడు. కాయలు ఆమె మొహం కింద పటపటా చిట్లాయి. ఆమె కాళ్లు నేల మీద కొట్టుకుంటుంటే చెవిలో బిళ్ల ఊడి, పెట్టె కుయ్యో అని అరుస్తూ ఆయన రొమ్ము మీద ఊగింది. మస్తాన్‌బీ వెనకనించి నడుం పట్టుకుని లాగితే గాని వదల్లేదు. పెద్దమ్మ కళ్లు కనపడక గుడ్డిదానిలా చేతులు చాపి, "నీళ్లు, నీళ్లు" అని అరుస్తూ కల్లమంతా తిరిగింది. మేం ఆమెని పట్టుకుని కుండల కొద్దీ నీళ్లు పోసి, ఇంటికి తెచ్చి కళ్లలో పాలు పోశాం. పెదనాన్న అక్కడే గొంతుక్కూర్చుని పెట్టె చిల్లుల్లోకి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్నాడు, దుమ్ము పోయిందో లేదోనని.

ఆ రోజు నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కోపం రాగానే ముందు కుడిచెయ్యి చెవి దగ్గరికి పోయేది. బిళ్ల తీసేవాడు. తీగ చిక్కుపడకుండా పెట్టె చుట్టూ చుట్టేవాడు. పెద్దమ్మ కుట్టిన సంచిలో పెట్టి, మూతి బిగించి, దీపం గూటి పక్క గూట్లో పెట్టేవాడు. ఆ వేళ్లకి ఎంత మెత్తదనం! పుట్టిన పిల్లని పడుకోబెట్టినట్టు పెట్టి, అప్పుడు వెనక్కి తిరిగేవాడు. మేం ఆ కుడిచేతిని చూస్తూ బతికాం. ఆయన చెవి దురద పుట్టి గోక్కున్నా మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. మిషను పాడవకుండా తీస్తున్నాడు, ఎంతైనా జాగ్రత్త మనిషి అని నాయనమ్మ మెచ్చుకుంది. పెద్దమ్మ నాతో వేరేగా చెప్పింది, చిట్లిన పెదవికి వెన్న రాసుకుంటూ: "అది కాదమ్మాయ్. నా ఏడుపు విన్నాడుగా ఆ రోజు కల్లంలో. వినలేక తీస్తన్నాడు. వినపడకపోతే కొట్టొచ్చు." చెవులు లేక కోపం అనే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఇంట్లో మాటలు పోయాయి. పొయ్యి వైపు తిరిగినా లాభం లేదు, గుడ్డ కట్టుకున్నా లాభం లేదు. కల్లంలో తుమ్ములూ దగ్గులూ తప్ప ఏమీ వినిపించేవి కావు. అంత నోరున్న పెద్దమ్మ పగలంతా పెదాలు బిగించుకుని తిరిగేది. బావి దగ్గర గిలక మోతలో మా అమ్మ చెవిలో రెండు ముక్కలు చెప్పుకోవడం, అంతే. చెవులు ఆయనకొచ్చాయి, నోళ్లు మాకు పోయాయి.

మిషను వచ్చిందని తెలిసి ఒంగోలు వైపు సంబంధం వాళ్లు మళ్లీ కదిలారు. పిల్ల తండ్రి ఒక్క షరతు పెట్టాడు. పెద్దభార్య తనకిష్టమేనని నలుగురిలో నోటితో అనాలి, అప్పుడే తాంబూలాలు. మా వైపు అలాంటి పెళ్లిళ్లలో అది ఆనవాయితీ; లేకపోతే రేపు చిన్నదాని బతుకు నరకమని వాళ్ల భయం. పెద్దమ్మ సరే అంటే ఆ ఇంట్లో ఒక మూల పడి చాకిరీ చెయ్యాలి. కాదంటే ఏమవుతుందో గూట్లో సంచికి తెలుసు. పుట్టింట్లో ఆమెకి ఎవరూ లేరు. వాళ్లు వస్తారనగా నాయనమ్మ ఆమెని పిలిచి, "ఇష్టమే అను చాలు. ఇంకో మాట నీ నోటెంట రాకూడదు" అని పాఠం చెప్పింది. పెద్దమ్మ తల ఊపింది.

ఇంటి ముందు తాటాకు పందిట్లో మంచాలు వేశారు. పిల్ల తండ్రి, ఆయన తమ్ముడు, మా ఊరి పెద్దలు ఇద్దరు కూర్చున్నారు. పెదనాన్న ఇస్త్రీ పంచె, రొమ్ము మీద పెట్టె. పనికి వచ్చిన ఆడవాళ్లు, మస్తాన్‌బీ, మేం అందరం గుమ్మం దగ్గర నిలబడ్డాం. కాఫీలయ్యాయి. పిల్ల తండ్రి పెద్దమ్మ వైపు తిరిగి మర్యాదగా, "ఏమ్మా, నీకిష్టమేనా? భయపడకుండా చెప్పు" అన్నాడు.

"ముందు ఆయనకి ఒక మాట చెప్పాలండి. ఆ తర్వాత మీకు చెబుతా" అంది పెద్దమ్మ.

నేరుగా పెదనాన్న దగ్గరికి నడిచింది. ఆమె మొహంలో ఏం కనిపించిందో ఏమో, ఆయన కుడిచెయ్యి చెవి దగ్గరికి లేచింది. పెద్దమ్మ ఆ చేతిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుంది. కుడిచేత్తో రొమ్ము మీది పెట్టెని అందుకుని, తీగ సాగినంత మేరా తన నోటి దగ్గరికి లాక్కుంది.

"తియ్యమాక. ఈ ఒక్కసారికి పెట్టుకుని విను" అంది. గొంతు పెంచలేదు. "నేను గొడ్రాలిని కాదు. నాకు కడుపొచ్చింది. నువ్వు పిడుగురాళ్ల నుంచి వచ్చిన పూట నాకు అయిదో నెల. నీళ్లు ఆలస్యమైనాయని డొక్కలో తన్నావే, గుర్తుందా? ఆ పొద్దే పోయింది. నీ బిడ్డని నువ్వే తన్ని చంపావు. నీ ఎదురుగా కూర్చుని ఎన్నేళ్లు ఏడ్చానో, నీకు వినపడలా. ఇప్పుడు వినపడిందా?"

"ఒసేయ్, నోరు ముయ్యవే! ఎవరన్నా దాని నోరు ముయ్యండర్రా!" అని నాయనమ్మ లోపలి నుంచి కేక పెట్టింది. పెదనాన్న తల తిప్పి ఆమె వైపు చూశాడు. "అమ్మా?" అన్నాడు. ఆ ఒక్క మాటే. నాయనమ్మ తల వంచుకుంది. ఆయనకి అర్థమైపోయింది. కన్నతల్లి దాచింది. మరి ఎవరిని కొట్టాలి? కొట్టేది ఎప్పుడూ ఒకరినేగా.

కల్లంలో ఆ రోజు తర్వాత, మిషను తియ్యకుండా ఆయన పెద్దమ్మని కొట్టడం అదే. పిడికిలితో మూతి మీద కొట్టాడు. ఆమె మోకాళ్ల మీద కూలిపోయింది కాని పిడికిట్లో పెట్టె వదల్లేదు. తీగ లాగడంతో ఆయన తల కూడా ఆమెతోపాటు కిందకి వంగింది. వంగినవాడు వంగినట్టే మళ్లీ కొట్టాడు, వీపు మీద, మెడ మీద. కొట్టిన ప్రతి దెబ్బకీ ఆమె అరుపు పెట్టెలో పడి ఆయన చెవిలోకే పోయింది. అంతకు ముందు ఎంత కొట్టినా కొంగు నోట్లో కుక్కుకుని ఊపిరి బిగబట్టే మనిషి, ఆ రోజు నోరు పెట్టెకి ఆనించి గొంతు చించుకుని అరిచింది. కొడుతున్నవాడి మొహం దెబ్బలు తింటున్నవాడి మొహంలా వంకర్లు తిరిగింది. ఆఖరికి రెండు చేతులతో చెవి పట్టుకుని బిళ్ల పీకేశాడు. పెట్టె ఆమె వేళ్లలోంచి ఊడలాగి రోటికేసి కొట్టాడు. అది పగిలాక కూడా చెప్పుకాలితో తొక్కుతూనే ఉన్నాడు.

పందిట్లో ఎవరూ కదల్లేదు. పిల్ల తండ్రి లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. మా నాన్న వైపు చూసి, "చూస్తా నిలబడ్డావేందయ్యా, నువ్వు మనిషివేనా?" అన్నాడు. పెద్దమ్మ నెత్తురు ఉమ్మి, నేల మీది నుంచే ఆయనకి చేతులు జోడించింది. "పో అన్నా. నీ పిల్లని కాపాడుకో" అంది. వాళ్ల బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు పడిపోయింది. మస్తాన్‌బీ, మా అమ్మ చెరో రెక్కా పట్టి లోపలికి తెచ్చారు. ముందు పళ్లు రెండు కదిలి పోయాయి. మెడ ఆ తర్వాత ఎప్పుడూ పూర్తిగా కుడివైపు తిరగలేదు.

ఆ దెబ్బతో పెదనాన్న మారిపోయాడని రాస్తే చదివేవాళ్లకి హాయిగా ఉంటుంది. మారలేదు. మళ్లీ మిషను కొనుక్కోలేదు, రెండో పెళ్లి మాట ఎత్తలేదు, ఆ గొడ్రాలు అనే మాట నోటెంట రానివ్వలేదు. కొట్టడం మాత్రం కొట్టాడు. కాకపోతే కోపం వచ్చినప్పుడల్లా అలవాటుగా చెయ్యి ముందు చెవి దగ్గరికి పోయేది. అక్కడ తియ్యడానికి ఏమీ ఉండేది కాదు. చెయ్యి కాసేపు అక్కడే ఆగిపోయేది. ఆ కాసేపట్లో పెద్దమ్మ తప్పుకుని గడప దాటేది. నాయనమ్మతో ఆయన చచ్చేదాకా మాట్లాడలేదు. కల్లంలో మళ్లీ మాటలు మొదలయ్యాయి, ఈసారి గుడ్డలు తీసేసి. పెదాలు చదువుకుంటే చదువుకోనీ అంది పెద్దమ్మ.

ఆ రోజులే మంచివి, మనుషుల మధ్య ప్రేమలుండేవి అని నా వయసువాళ్లు అంటుంటే నాకు చిరాకు. ప్రేమలు ఉండేవేమో, పక్కింట్లో. ఇప్పుడు నా చెవి వెనక ఉన్నది శనగగింజంత. ఎవరూ వంగి నా రొమ్ముతో మాట్లాడరు, పడుకుంటే అది కుయ్యిమనదు. పందిట్లో నలుగురి ముందు భార్యని కొట్టేవాళ్లు కూడా తగ్గారు. నిజమే, ఒప్పుకుంటాను. కాని మా వీధిలోనే ఒక మేడ ఉంది. ఒక్కో సాయంత్రం ఆ మేడలో టీవీ మోత ఉన్నట్టుండి పెరుగుతుంది. ఇదివరకు నాకు తెలిసేది కాదు. ఈ మిషన్లు పెట్టుకున్నాక తెలుస్తోంది. పోయిన వారం వెళ్లి తలుపు కొట్టాను. పనేమిటని అడిగాడు ఆ మొగుడు. మోత తగ్గించు, లోపల ఏం జరుగుతోందో వినాలి అన్నాను. మా కోడలు నన్ను లాక్కొచ్చింది. మళ్లీ వెళ్తాను.

పెదనాన్నకి ఆఖర్లో పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. అప్పటికి నాకు పెళ్లయింది, చూడటానికి వెళ్లాను. పెద్దమ్మ ఆయన తల పైకెత్తి గంజి తాగిస్తోంది. ఆయన గంజి మింగి, ఆమె మొహంలోకి చూసి, చెవిటివాళ్ల పెద్ద గొంతుతో, ముద్దముద్దగా అడిగాడు: "ఆడా, మగా?" నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. మంచానపడ్డప్పటి నుంచీ ఆ పోయిన బిడ్డ గురించి రోజూ ఇదే అడుగుతున్నాడని మా అమ్మ చెప్పింది. పెద్దమ్మ ఆయన మూతి తుడిచి ఇంకో గరిటె పట్టింది. ఆయన నా వైపు తిరిగాడు, మా అమ్మ వైపు తిరిగాడు. చూడటానికి వచ్చిన మస్తాన్‌బీ చెయ్యి పట్టుకుని, "నువ్వు చూశావుగా, చెప్పు. ఆడా, మగా?" అని ఏడ్చాడు. పెదాలు చదివే కళ్లు ఒక్కొక్కరి మూతి మీదా ఆగి చూశాయి. మస్తాన్‌బీ మెల్లగా చెయ్యి విడిపించుకుని, దుప్పటి ఆయన పాదాల దాకా లాగి కప్పింది. ఊపిరి పోయే పూట దాకా అడుగుతూనే ఉన్నాడు. మాకందరికీ తెలుసు. ఒక్కరం కూడా చెప్పలేదు.